నికాన్ ఎఫ్: తూటా ఆపిన కెమెరా వరంగల్ ఎండకు ఆగుతుందా?

పాత నికాన్ ఎఫ్ ఫిల్మ్ కెమెరా అమ్మేవాళ్లు నోరు తెరిస్తే ముందు తూటా కథే వస్తుంది. బ్రిటిష్ యుద్ధ ఫోటోగ్రాఫర్ డాన్ మెకల్లిన్ కంబోడియాలో ఉన్నప్పుడు ఏకే-47 తూటా ఒకటి వచ్చి ఆయన నికాన్ ఎఫ్‌కు తగిలింది. కెమెరా దెబ్బతిన్నది, మనిషి బతికిండు. కథ నిజమే. ఆ కెమెరాను తర్వాత ఎగ్జిబిషన్లలో కూడా పెట్టారు. కాని ఆ కథకు పైసలు కట్టకండి. హన్మకొండ చౌరస్తాలో మనకు తూటాతో పనిలేదు. మే నెల ఎండ, శ్రావణంలో గోడలకు పట్టే చెమ్మ, మేడారం దుమ్ము, ఎనుమాముల మార్కెట్‌ల మిర్చి ఘాటు, వీటికి ఆగుతుందా లేదా అన్నదే లెక్క. చాలావరకు ఆగుతుంది. ఆగని చోట్లు ఏవో, కొనేముందు ఏం చూడాలో, కొన్నాక రీలు ఎట్ల కడుక్కోవాలో ఇక్కడ చెప్తాం.

ముందు ఈ పెట్టె పుట్టుక గురించి రెండు ముక్కలు. కొరియా యుద్ధం మొదలైన 1950లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నికాన్ వాళ్ల నిక్కోర్ లెన్సులు చూసి, వాటితో తీసిన ఫోటోల పదును పత్రికకు చూపించాడు. అప్పటిదాకా జపాన్ సరుకంటే జర్మనీ సరుకుకు నకలు అనుకునేవాళ్లు. అక్కడి నుంచి గాలి తిరిగింది. 1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. 1970ల మొదటి ఏళ్ల దాకా ఎనిమిది లక్షలకు పైగా తయారైంది. దీని గొప్పతనమంతా విడదీయడంలోనే ఉంది. లెన్సు, పైన ప్రిజం, దాని కింద ఫోకస్ అద్దం, వెనక మూత, అన్నీ విడివిడిగా ఊడుతాయి, మార్చుకోవచ్చు. ఇంకోటి, ఫైండర్‌లో కనబడేదంతా నెగెటివ్ మీద పడుతుంది, నూటికి నూరు. అంచుల్లో ఎవడో తల దూర్చిండని తర్వాత కోసేసుకునే బాధ ఉండదు.

ఇక మెకల్లిన్. ఆయన జీవితం తెలిస్తేనే ఈ కెమెరా ఎవరికి పనికొస్తుందో అర్థమవుతుంది, అందుకే ఇంత చెప్పడం. 1935లో లండన్‌లో పుట్టిండు, ఫిన్స్‌బరీ పార్క్ పేద బస్తీలో పెరిగిండు. అక్షరాలు కుదురుగా కనపడని డిస్లెక్సియా ఉండేది. తండ్రి చిన్నప్పుడే పోవడంతో చదువు ఆగింది. నిర్బంధ సైనిక సేవలో భాగంగా వైమానిక దళంలో చేరితే డార్క్‌రూంలో ఫిల్ములు కడిగే పని దొరికింది. ఫోటోగ్రాఫర్ హోదాకు పెట్టిన రాత పరీక్షలో తప్పిండు. నైరోబీలో ఉండగా 30 పౌండ్లు పెట్టి ఒక రోలీకార్డ్ కెమెరా కొన్నడు. ఇంటికొచ్చాక దాన్ని కుదువ పెడితే తల్లి విడిపించింది. ఆ కెమెరాతోనే తన బస్తీ పోరగాళ్ల గ్యాంగును కూలిన ఇంట్లో నిలబెట్టి తీసిండు. 1959లో అబ్జర్వర్ పత్రిక ఆ ఫోటో వేసింది. అంటే బతుకుదెరువు తెచ్చింది నికాన్ కాదు, కుదువకు పోయి వచ్చిన 12 ఫ్రేముల డబ్బా కెమెరా.

1961లో సొంత పైసలతో బెర్లిన్ పోయి గోడ కడుతుంటే తీసిండు. 1964లో సైప్రస్ అంతర్యుద్ధం, ఆ ఫోటోకు వరల్డ్ ప్రెస్ ఫోటో అవార్డు. అదే ఏడు కాంగోకు కిరాయి సైనికుడి వేషంలో చేరిండు. 1966 నుంచి 1984 దాకా సండే టైమ్స్ పత్రిక కోసం వియత్నాం, బయాఫ్రా, కంబోడియా, ఉత్తర ఐర్లాండ్, లెబనాన్. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి మన దేశానికి పారిపోయి వచ్చిన శరణార్థులను కుండపోత వానల్లో, కలరా శిబిరాల్లో తీసిండు. 1970లో కంబోడియాలో మోర్టార్ ముక్కలు కాళ్లలో దిగాయి. 1982లో ఎల్ సాల్వడార్‌లో కప్పు మీద నుంచి పడి చెయ్యి విరిగింది. అదే ఏడు ఫాక్‌లాండ్స్ యుద్ధానికి పోతానంటే ఓడ ఎక్కనియ్యలేదు. 2012 డిసెంబరులో, 77 ఏళ్ల వయసులో, సిరియాలోని అలెప్పో పోయిండు. అప్పటికి ఆయన డిజిటల్ కానన్ కూడా పట్టి చూసిండు. నికాన్ భక్తులు ఈ మాట ఎక్కువగా చెప్పరు.

1968 ఫిబ్రవరిలో వియత్నాంలోని హ్యూ నగరం. పేలుళ్ల అదురుకు మతి చలించిన అమెరికన్ సైనికుడొకడు తుపాకీ గొట్టం రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నాడు. మెకల్లిన్ ఎదురుగా దిగి ఐదు ఫ్రేములు తీసిండు. నెగెటివ్‌లు పక్కపక్కన పెట్టి చూస్తే ఐదింటిలో తేడా లేదు, ఆ మనిషి రెప్ప కూడా వెయ్యలేదు. ఎఫ్ చేతిలో పట్టుకున్నవాళ్లకు ఈ ఐదు ఫ్రేముల అసలు సంగతి తెలుస్తుంది. ప్రతి ఫ్రేముకూ బొటనవేలితో మీట పూర్తిగా లాగాలి. అద్దం లేచి పడే చప్పుడు 'టక్' అని గట్టిగా వినబడుతుంది. ఎదుటి మనిషికి వినబడకుండా తియ్యడం ఈ కెమెరాతో కాదు. ఆ చప్పుడుకు కూడా ఆ సైనికుడు కదల్లేదంటే, అక్కడ ఉన్న మౌనం ఎట్లాంటిదో ఊహించుకోవచ్చు.

ఇంకో ముచ్చట. గుండ్లు పేలుతున్నా మెకల్లిన్ ముందు లైట్ మీటర్‌తో వెలుతురు కొలిచేవాడు. ప్రాణం మీదికి తెచ్చుకొని తీసిన ఫోటో ఎక్స్‌పోజర్ తప్పి పాడైతే ఏం లాభం అన్నది ఆయన లెక్క. కొనేవాళ్లు పట్టించుకోవాల్సింది తూటాను కాదు, ఈ అలవాటును. ఎందుకంటే ఈ కెమెరా తనంతట తాను ఏదీ చేయదు.

కొనేటప్పుడు మొదటి ప్రశ్న పైన ఏ తల (కన్ను పెట్టి చూసే ఫైండర్) ఉందన్నది. రెండు రకాలు దొరుకుతాయి. ముక్కోణపు సాదా ప్రిజం ఒకటి. మీటర్ ఉన్న ఫోటోమిక్ తల ఇంకోటి, అందులో చివరగా 1968లో వచ్చినది ఎఫ్‌టీఎన్. ఫోటోమిక్ ఉన్నది తక్కువ ధరకు వస్తుంది, పైగా మీటర్ ఉందని చెప్పి అంటగడతారు. ఆ మీటర్ నమ్మి కొనకండి. అది 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీలు రెండింటి మీద నడిచేలా చేసింది, ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. ఇప్పటి 1.5 వోల్టుల ఆల్కలైన్ పెడితే మీటర్ ఉన్న వెలుతురు కన్నా ఎక్కువ ఉన్నట్టు చూపిస్తుంది, మనం అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) మూసుకుంటాం, నెగెటివ్ పల్చగా వస్తుంది. చెవి మిషన్లకు వాడే 675 నంబరు జింక్-ఎయిర్ బ్యాటరీకి రింగు తొడిగి పెట్టుకోవచ్చు, వోల్టేజీ దగ్గరగా ఉంటుంది. కాని స్టిక్కర్ పీకినప్పటి నుంచి అది గాలికి ఎండిపోతూనే ఉంటుంది. మన ఎండాకాలపు పొడి గాలిలో ఇంకా తొందరగా చస్తుంది.

రెండో జబ్బు మీటర్ లోపలి నిరోధకపు రింగుది. అపర్చర్, స్పీడు తిప్పుతుంటే సూది కుదురుగా కదలాలి. గంగిరెద్దు తల ఊపినట్టు ఊగితే లోపల కార్బన్ పట్టీ అరిగిందని అర్థం. మూడోది కనబడని జబ్బు. ఫోటోమిక్ తల లోపల ప్రిజం చుట్టూ స్పాంజీ ఉంటుంది. యాభై ఏళ్లకు అది జిగురై ప్రిజం వెండిపూతను తినేస్తుంది. ఫైండర్‌లో చూస్తే నల్లటి గీతలు, మచ్చలు కనిపిస్తాయి. ఫోటో మీద పడవు కాని, చూసే కన్ను విసుగెత్తుతుంది. అమ్మేవాడు 'డస్ట్ సార్, తుడిస్తే పోతది' అంటే పోదు.

అందుకే సాదా ప్రిజం ఉన్నదే తీసుకోండి, వెలుతురు కొలవడానికి చేతి మీటర్‌గాని ఫోన్‌లో మీటర్ యాప్‌గాని వాడుకోండి. ఇట్ల చేస్తే బ్యాటరీ అవసరమే లేని కెమెరా అవుతుంది. సాదా ప్రిజానికి గిరాకీ ఎక్కువ, విడిగా ప్రిజం ఒక్కటే కూడా అమ్ముతారు. బాడీ ఒక చోట, ప్రిజం ఒక చోట కొని కలుపుకునేవాళ్లు ప్రిజంను ఎదురు వెలుతురులో పెట్టి చూసి మరీ తీసుకోవాలి.

ఇక బాడీ పరీక్ష. లెన్సు, వెనక మూత తీసేసి కెమెరాను తెల్లటి ఆకాశం వైపు పట్టుకొని వెనక నుంచి చూస్తూ 1000 స్పీడు (సెకండులో వెయ్యో వంతు) మీద నొక్కాలి. క్షణంలో ఒక వెలుగు చట్రం నిండుగా కనబడి పోవాలి. ఒక పక్క చీకటిగా మిగిలితే ఫిల్మ్ ముందు తెరుచుకొని మూసుకునే షట్టర్ రెండు తెరల వేగం కలవట్లేదన్నమాట. వెనక తెర ముందుదాన్ని అందుకుంటోంది. అట్లాంటి కెమెరాతో మధ్యాహ్నం ఎండలో తీస్తే సగం ఆకాశం నల్లగా వస్తుంది. తర్వాత 1 సెకండు మీద పెట్టి గడియారం చూసుకుంటూ నొక్కండి. లోపల పళ్లచక్రాలు జుర్రుమని తిరిగి ఒక్క సెకండుకు మూసుకోవాలి. రెండు సెకండ్లు పట్టినా, మధ్యలో ఆగినా గ్రీజు ఎండిపోయింది. ఇది పెద్ద రోగం కాదు, విప్పి శుభ్రం చేసి నూనె వేస్తే పోతుంది. కాని ఆ కూలి ధరలో తగ్గించుకోవాలి. 1000 మీద తేడా ఉంటే మాత్రం ఎఫ్ విప్పడం తెలిసిన చెయ్యే కావాలి, అట్లాంటి మెకానిక్‌లు తక్కువ. చలికాలం పొద్దున్నే చూసిన కెమెరా మధ్యాహ్నం బాగా పనిచేయవచ్చు. కాబట్టి చల్లగా ఉన్నప్పుడే చూడండి, రోగం దాగదు.

తెరలు టైటానియం రేకులు. మొదట్లో వచ్చిన కొన్నిటికి మాత్రం పట్టుబట్ట ఉంటుంది. రేకు మీద ముడతలు కనబడితే భయపడకండి, అవి మామూలే. చీకటి గదిలో లోపల టార్చి పెట్టి చూస్తే చిల్లు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. వేలు మాత్రం పెట్టకండి. రబ్బరు పూసిన బట్ట తెరలు మన ఎండకు ఎండి చిట్లుతాయి, చెమ్మకు అంటుకుంటాయి. రేకుకు ఆ రెండు బాధలూ లేవు. ఈ ప్రాంతానికి ఎఫ్ సరిపోతుందని చెప్పడానికి ఇదే బలమైన కారణం.

అద్దం లేచినప్పుడు తగిలే చోట చిన్న స్పాంజీ పట్టీ ఉంటుంది. అది జిగురైతే అద్దం పైన అంటుకొని ఆలస్యంగా దిగుతుంది. సన్నటి స్పాంజీ ముక్క కోసి అంటించుకుంటే సరి. సెల్ఫ్ టైమర్ మీటను దుకాణంలో తిప్పి చూడకండి, ఏళ్లుగా కదలని స్ప్రింగు మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగుతుంది. సీరియల్ నంబరు పైన వెనక వైపు ఉంటుంది, ఏడు అంకెలు, 64తో మొదలై 74 దాకా పోతాయి. నంబరు చూసి కచ్చితంగా ఏ ఏడాదిదో చెప్పేవాళ్లను ఎక్కువ నమ్మొద్దు, అంచనా మాత్రమే. మీటల చివర నల్ల ప్లాస్టిక్ ఉంటే అది చివరి కాలం సరుకు, అపోలో అని పిలుస్తారు. అవి కొత్తవి కాబట్టి సాధారణంగా బాగుంటాయి. నలుపు రంగు బాడీలకు ధర ఎక్కువ చెప్తారు. ఫోటో నలుపుగా ఏమీ రాదు, వెండి రంగుదే చాలు.

రీలు ఎక్కించడం ఈ కెమెరాలో అసలైన చికాకు. మూత బిజాగిరి మీద తెరుచుకోదు. అడుగున ఉన్న తాళం తిప్పితే అడుగు, వెనక కలిసి ఒకే ముక్కగా చేతికొస్తుంది. ఆ ముక్కను ఎక్కడ పెట్టాలన్నదే సమస్య. మెకల్లిన్ లాంటివాళ్లు గుంతల్లో బోర్లా పడుకొని ఈ పని ఎట్ల చేసిండ్రో అనిపిస్తుంది. మేడారంలో జంపన్న వాగు ఒడ్డున నిలబడి చేస్తే మూత చంకలో, క్యాసెట్ పళ్లలో, కెమెరా చేతిలో. వాగు ఇసుక ఒక్క రేణువు లోపలి పట్టాల మీద పడినా 36 ఫ్రేముల పొడుగునా రైలు పట్టాలోలె గీత పడుతుంది. పద్ధతి ఇట్ల: జనానికి వీపు పెట్టి, తువ్వాల తల మీదుగా కప్పుకొని, మూత తీసి ప్యాంటు జేబులో పెట్టుకోండి, చొక్కా జేబులో పట్టదు. క్యాసెట్ ఎడమన కూర్చోబెట్టి, ఫిల్మ్ నాలుకను కుడి చుట్టు చీలికలో దూర్చి, పైన కింద రెండు వైపులా పళ్లు రంధ్రాల్లో పడేదాకా మీట లాగండి. ఒక వైపే పడితే సగం రీలుకు ఫిల్మ్ చిరుగుతుంది. మూత వేసి తాళం తిప్పాక ఎడమ మీటతో ఫిల్మ్‌ను కొద్దిగా బిగించండి. తర్వాత రెండు ఖాళీ ఫ్రేములు లాగుతుంటే ఎడమ గుండీ కూడా తిరగాలి. తిరగకపోతే ఫిల్మ్ పట్టుకోలేదు. మీరు 36 ఫోటోలు తీశామనుకుంటారు, రీలు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అయిపోయాక షట్టర్ బటన్ చుట్టూ ఉన్న రింగును ఆర్ మీదికి తిప్పి వెనక్కి చుట్టాలి. బటన్ మీద చిన్న చుక్క ఉంటుంది. చుడుతున్నంత సేపు ఆ చుక్క తిరుగుతుంది, ఆగిందంటే ఫిల్మ్ పళ్ల నుంచి వదిలింది. ఆ చుక్కను చూడకుండా తొందరపడి మూత తీసి చివరి ఫ్రేములు కాల్చుకునేవాళ్లే ఎక్కువ. బటన్ కూడా మామూలు చోట ఉండదు, బాగా వెనక్కి ఉంటుంది. వేలు వంచి నొక్కాలి. మొదటి రీలు దాకా ఇబ్బంది, తర్వాత అలవాటైపోతుంది. సాదా ప్రిజంతో బాడీ 685 గ్రాములు, 50 ఎంఎం లెన్సు కలిపితే కిలోకు అటూ ఇటూ. సన్నటి నైలాన్ పట్టీ మెడను కోస్తుంది, వెడల్పు పట్టీ వేసుకోండి.

ఫ్లాష్ సంగతి తొందరగా తేల్చేద్దాం. ఫ్లాష్, షట్టర్ కలిసి పనిచేసేది (సింక్) 60 స్పీడు దాకానే. మామూలు ఫ్లాష్ నేరుగా కూర్చోదు, అడాప్టర్ కావాలి. అది కూర్చునేది రీలు చుట్టే మీట పైన కాబట్టి ఫ్లాష్ తీయనిదే రీలు చుట్టలేం. ఫంక్షన్ హాళ్లలో పెళ్లిళ్లు తియ్యాలంటే ఇది కాదు.

లెన్సు విషయంలో ఒక జాగ్రత్త. ఆ కాలపు లెన్సులకు అపర్చర్ రింగు మీద కుందేలు చెవుల్లాంటి కొక్కెం ఉంటుంది. ఎఫ్‌టీఎన్ తలతో వాడేటప్పుడు లెన్సును 5.6 మీద పెట్టి బిగించి, రింగును చిన్న అపర్చర్ నుంచి పెద్దదాకా ఒకసారి పూర్తిగా తిప్పాలి, అప్పుడే మీటర్‌కు లెన్సు తెలుస్తుంది. ఈ పాత లెన్సులను ఇంట్లో ఉన్న కొత్త నికాన్ డిజిటల్‌కు బిగించి చూడకండి, చాలా బాడీల అంచున ఉన్న చిన్న పిన్ను విరుగుతుంది. అటు నుంచి ఇటు కూడా అంతే, రింగు లేని కొత్త లెన్సులు ఎఫ్ మీద పనిచేయవు. 50 ఎంఎం ఎఫ్/2 చవక, పదును బాగుంటుంది, మొదటి లెన్సు అదే చాలు. టార్చి వెనక నుంచి కొట్టి చూడండి. సాలెగూడులాంటి నూలుపోగులు కనబడితే ఫంగస్. మన దగ్గర వానాకాలం తోలు కేసులో పెట్టి బీరువాలో దాస్తే రెండు నెలల్లో మొదలవుతుంది. తోలు కేసు అటక మీద పడేసి, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. గింజల రంగు మారితే పెనం మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

వెలుతురు లెక్క. 400 ఫిల్మ్‌కు (ఈ అంకె ఎంత పెద్దదైతే అంత తక్కువ వెలుతురు చాలు) మే నెల మధ్యాహ్నం ఎండలో 500 స్పీడు, 16 అపర్చర్. పైన 1000 వరకే ఉంది కాబట్టి అపర్చర్ 11 దాకానే తెరవగలం. వెనకంతా మసకగా రావాలంటే 100 ఫిల్మ్ వేసుకోవాలి. ఖిలా వరంగల్ తోరణాల దగ్గర, వేయి స్తంభాల గుడిలో అసలు పరీక్ష. నల్లరాయి మీద మీటర్ పెడితే చీకటిగా ఉందనుకొని ఎక్కువ వెలుతురు అడుగుతుంది, నల్లరాయి బూడిద రంగులో వస్తుంది. అరచేతిని అదే నీడలో పెట్టి కొలిచి, దానికన్నా ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువ ఇవ్వండి. మండపం లోపలి చెక్కడాలు కావాలంటే ఇంకో స్టాప్. బతుకమ్మ రాత్రుల్లో వీధి లైట్ల కింద 400 ఫిల్మ్‌కు ఎఫ్/2 మీద 30 స్పీడు వస్తే గొప్ప, ఆడే కాళ్లన్నీ ఊగిపోతాయి. అదే ఫిల్మ్‌ను 1600 అనుకొని తీస్తే 125 దొరుకుతుంది. రీలు మొత్తం అట్లనే తీసి, కడిగేటప్పుడు టైం పెంచాలి, సగం ఇట్ల సగం అట్ల కుదరదు. ఎనుమాముల మిర్చి యార్డులో మాత్రం ఎంత స్పీడు పెట్టినా తుమ్ముకు మందు లేదు.

కడగడం. చాలా స్టూడియోలు నలుపు-తెలుపు కడగడం ఎప్పుడో మానేశాయి. వేరే ఊరికి పంపే కన్నా ఇంట్లో చేసుకోవడమే మేలు. ట్రై-ఎక్స్ 400 ఫిల్మ్, డీ-76 డెవలపర్, సగం నీళ్లు: ఒక రీలు ట్యాంకుకు 150 మిల్లీలీటర్ల మందు, 150 నీళ్లు. 20 డిగ్రీల దగ్గర 9 నిమిషాల 45 సెకండ్లు. మొదటి 30 సెకండ్లు ఆపకుండా తిప్పి, తర్వాత ప్రతి అర నిమిషానికి 5 సెకండ్లు. ట్యాంకును ఒకసారి నేలకు తట్టాలి, గాలి బుడగలు ఫిల్మ్‌కు అంటుకుంటే గుండ్రటి మచ్చలు పడతాయి. ఇంత వరకు ఎక్కడైనా ఒకటే. మన దగ్గర వచ్చే చిక్కు ఆ 20 డిగ్రీలతో. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే కాలుతాయి. వేడికి టైం తగ్గించుకోవచ్చు అంటారు కాని, 5 నిమిషాల లోపుకు వస్తే ఫిల్మ్ మీద సమంగా పని జరగదు, ఆకాశంలో చారలు వస్తాయి. తెల్లవారుజామున రంజన్ నీళ్లు తీసుకొని, మందు సీసాలను ఐసు వేసిన టబ్బులో నిలబెట్టి 20కి తేవాలి. ఐసు ముక్క మందులోనే వేస్తే అది కరిగి బలం తగ్గుతుంది, లెక్క తప్పుతుంది.

తర్వాత హైపో (బొమ్మను ఫిల్మ్ మీద నిలిపే మందు) 5 నుంచి 10 నిమిషాలు. అసలు ప్రమాదం ఆ తర్వాత. 20 డిగ్రీల మందులో నుంచి తీసి నేరుగా 38 డిగ్రీల నల్లా నీళ్ల కింద పెడితే ఫిల్మ్ మీది జిలాటిన్ పొర ఉబ్బి, ఎండిన చెరువు మట్టిలా సన్నటి పగుళ్లు తేలుతుంది. ఇక దాన్ని ఎవరూ బాగుచెయ్యలేరు. కడుగు నీళ్లను 22, 25, 28 అట్ల మెల్లగా పైకి తేవాలి. నీళ్లు తక్కువుంటే పారే నీళ్ల అవసరం లేదు. ట్యాంకు నింపి 5 సార్లు బోర్లించి పారబోయండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ 20 సార్లు, చాలు. బోరు నీళ్లు గట్టివైతే ఆరాక తెల్ల చుక్కలు మిగులుతాయి. చివరిసారి ఆర్‌ఓ నీళ్లలో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలు కట్టకుండా జారిపోయేలా చేసే మందు) రెండు చుక్కలు వేసి ముంచితే అవి రావు.

డిజిటల్ వదిలి రావాలనుకుంటున్నవాళ్లకు ఎఫ్‌తో పాటు నికాన్ ఎఫ్ఎం2 కూడా చూపించడం న్యాయం. 1982లో వచ్చింది, 540 గ్రాములే, 4000 దాకా స్పీడు, దొరికే ఎల్ఆర్44 బ్యాటరీలతో మీటర్, బ్యాటరీ చచ్చినా అన్ని స్పీడులూ పనిచేస్తాయి, మూత బిజాగిరి మీద తెరుచుకుంటుంది. మొదటి ఫిల్మ్ కెమెరా అయితే అదే కొనండి. ఎఫ్ ఎవరికంటే, వెలుతురు కొలిచి, ఆలోచించి, ఒక్కొక్క ఫ్రేము లాగే ఓపిక ఉన్నవాళ్లకు. 36 ఫ్రేముల రీలు ఖరీదు చూసి గుండె గుబేలుమంటే 100 అడుగుల చుట్ట కొని ఖాళీ క్యాసెట్లలో నింపుకోండి, 18 రీళ్ల దాకా వస్తాయి.

ఆరబెట్టడం మిగిలింది. యుద్ధ ఫోటోల చరిత్రలో అన్నిటికన్నా పేరున్న నష్టం ఇక్కడే జరిగిందంటారు. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డున రాబర్ట్ కాపా తీసిన రీళ్లను లండన్‌లో కడిగాక, తొందరలో ఆరబెట్టే పెట్టె తలుపు మూసి వేడి పెంచారని, పొర కరిగి కొన్ని ఫ్రేములే మిగిలాయని చెప్తూ వచ్చారు. ఆ వేడికి పొర అట్ల కరగదని తర్వాత పరిశోధించినవాళ్లు వాదించారు. ఏది నిజమైనా మనకు పెట్టె అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో గాలే గంటలో ఆరబెడుతుంది, భయమంతా దుమ్ముదే. ఫ్యాను బంద్ చేసి, బాత్‌రూంలో వేడి నీళ్లు పోసి ఆవిరి పట్టించి దుమ్ము కిందికి దిగాక, కింద క్లిప్పు బరువు పెట్టి వేలాడదీసి తలుపు మూసేయండి. వానాకాలం నాలుగైదు గంటలు పడుతుంది. తడి ఆరకముందే చుట్టి డబ్బాలో పెడితే ఫ్రేము మీద ఫ్రేము అంటుకుంటుంది.